పాత వెండి ధర చెప్పేదెవరు: తక్కెడా, ముద్రా, కథా?

2018 సెప్టెంబరులో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు పడ్డారు. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగిన మూడంతస్తుల బంగారు టిఫిన్ క్యారియర్, దాంతోపాటు ఒక కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. ముంబై దాకా వెళ్లి బేరం కోసం తిరిగారు. కొనే నాథుడు దొరకలేదు. వారం పది రోజుల్లోనే సొత్తుతో సహా హైదరాబాద్ పోలీసులకు దొరికిపోయారు. ఈలోగా వాళ్లలో ఒకడు ఆ టిఫిన్‌లోనే భోంచేశాడని పోలీసులు చెబితే ఊరంతా నవ్వుకుంది.

నవ్వు సంగతి అలా ఉంచి, బంగారం కొనేవాళ్లు ముంబైలో లేకనా? ముక్కలు చేసి కరిగిస్తే ఏదో ఒక కొట్టులో చెల్లిపోయేదే. వాళ్లు ఆశపడింది మాత్రం ‘నిజాం గారి టిఫిన్’ ధర మీద. ఆ ధర పెట్టగలిగినవాడు ముందు అడిగేది ఇది నీ చేతికి ఎలా వచ్చిందని. అక్కడ నోరు పెగలకపోతే మిగిలేది లోహం ధర ఒక్కటే.

వేలంలోకి వచ్చే పాత వస్తువు ఏదైనా, ముఖ్యంగా వెండి సామాను, ఇలాగే ఒకేసారి మూడు ధరలు మోస్తూ వస్తుంది. కరిగిస్తే వచ్చేది ఒకటి. పనితనానికి, వయసుకు, అరుదుదనానికి వచ్చేది రెండోది. పుట్టుపూర్వోత్తరాలకు వచ్చేది మూడోది. ఈ మూడింటి మధ్య తేడా ఒక్కోసారి పదిశాతం కూడా ఉండదు, ఒక్కోసారి వంద రెట్లు ఉంటుంది. చాలామంది మోసపోయేది ఒక ధరను ఇంకో ధర అనుకోవడం వల్లే.

తక్కెడ ధర

ముందు అన్నిటికన్నా తేలికైనది చూద్దాం. బరువును స్వచ్ఛతతో గుణించి, ఆనాటి వెండి ధరతో మళ్లీ గుణిస్తే వచ్చేది కరిగింపు ధర. ఇంగ్లిష్ స్టెర్లింగ్ వెండిలో వెయ్యికి 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. విదేశీ కేటలాగుల్లో బరువు ట్రాయ్ ఔన్సుల్లో ఉంటుంది. ఒక ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు. అంటే 20 ఔన్సుల టీ పాట్ బరువు సుమారు 622 గ్రాములు, అందులో అసలు వెండి సుమారు 575 గ్రాములు.

మన ఇళ్లలో లెక్క ఇంకోచోట తప్పుతుంది. తాతగారి కాగితంలో ‘నూరు తులాల వెండి కంచం’ అని ఉంటే, ఆ తులం 11.66 గ్రాములు. ఇవాళ కొట్లో తులం అంటే చాలాచోట్ల 10 గ్రాములే. కాగితం ప్రకారం ఆ కంచం 1,166 గ్రాములు తూగాలి. కిలో తూగి ‘సరిగ్గా నూరు తులాలే’ అని సంతోషిస్తే, 166 గ్రాములు ఎక్కడో పోయినట్టు. తోమితోమి అరిగిన లెక్క అంత ఉండదు.

పాత కంసాలులు చాలామంది వెండి రూపాయలే కరిగించి సామాను చేసేవారు. బ్రిటిష్ కాలపు రూపాయి తులం బరువు, అందులో పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. అయితే 1940 నుంచి 1945 వరకు వచ్చిన జార్జి రూపాయిలో వెండి సగమే. యుద్ధకాలంలో వెండి కరువై అలా కొట్టారు. 1946 నుంచి అసలు వెండే లేదు, నికెల్. చూడ్డానికి అన్నీ ‘జార్జి రూపాయిలే’. సగం వెండి నాణేలు వచ్చే ముందటి 1939 వెండి రూపాయి మాత్రం చాలా అరుదు. నాణేలు సేకరించేవాళ్లు దానికి పెట్టే ధరకూ వెండి ధరకూ సంబంధమే ఉండదు. నకిలీలు కూడా దాన్ని చూసుకునే పుట్టాయి.

తక్కెడ దగ్గర తెలుసుకోవాల్సింది ఇంకొకటి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం అది. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే కుంకుమ భరిణెలు, పళ్లేలు చాలావరకు ఇవే. వేలంలో ఇదే లోహం మీద వెండి పూత పూసిన ఇంగ్లిష్ సామాను గుట్టలుగా వస్తుంది. 1840లో ఎల్కింగ్టన్ కంపెనీ విద్యుత్తుతో పూత పూసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక మధ్యతరగతి బల్లల మీదికి ఈ సరుకే వచ్చింది. అడుగున ‘ఇ.పి.ఎన్.ఎస్.’ (ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్) అని నాలుగు అక్షరాలు, ఒక్కోసారి అసలు వెండి ముద్రల్లా కనిపించే గడులలో, కొట్టి ఉంటాయి. తెలియనివాడు హాల్‌మార్క్ అనుకుని మురిసిపోతాడు. దానికి కరిగింపు ధర దాదాపు సున్నా. పాత షెఫీల్డ్ ప్లేట్ సంగతి వేరు. 1740లలో థామస్ బౌల్సోవర్ అనే షెఫీల్డ్ పనివాడు రాగి రేకుకు వెండి రేకు అతికించి సాగదీసే పద్ధతి కనిపెట్టాడు. అందులోనూ వెండి కొంచెమే, కానీ పాతది, చేతిపని, అందుకని సేకర్తలు దానికి ధర పెడతారు.

కరిగింపు ధర నేల లాంటిది. వస్తువు ధర మామూలుగా దానికన్నా పెద్దగా కిందికి దిగదు. ఆ నేలే పైకి లేస్తే? 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులనే కోటీశ్వరులు వెండి అంతా పోగేయడంతో ఔన్సు ధర 50 డాలర్ల దరిదాపుల్లోకి వెళ్లింది. ఇంగ్లండులో, అమెరికాలో జనం నానమ్మల టీ సెట్లు పట్టుకుని కరిగించే కొట్ల ముందు బారులు తీరారు. మార్చి 27న ధర కుప్పకూలింది. ఈలోగా మూసల్లోకి పోయిన పాత సామాను మళ్లీ రాలేదు. 2025 అక్టోబరులో వెండి మళ్లీ 50 డాలర్లు దాటింది. విక్టోరియా కాలపు మామూలు టీ సెట్టును ఇవాళ వాడేవాళ్లు లేరు, రోజూ తోమే ఓపికా లేదు. అందుకే అలాంటివి వేలంలో చాలాసార్లు కరిగింపు ధరకు కాస్త అటూ ఇటూగా పోతున్నాయి, వెండి పెరిగిన ప్రతిసారీ కొన్ని మూసలోకి పోతున్నాయి.

మన దగ్గర దీనికి హంట్ సోదరులు రానక్కర్లేదు. పాత వెండి ఇచ్చి కొత్తది తీసుకోవడం మనకు తరతరాల అలవాటు. అమ్మమ్మ చెంబు అమ్మ పళ్లెమైంది, అమ్మ పళ్లెం కూతురి పట్టీలైంది. వెండి మనకు బల్ల మీద పెట్టుకునే అలంకారం కన్నా ఎప్పుడైనా మార్చుకోగల దాపుడు సొమ్ము. పద్దెనిమిదో శతాబ్దపు ఇంటి వెండి తెలుగునాట అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం.

ముద్ర ధర

రెండో ధరకు వచ్చేసరికి ఇంగ్లిష్ వెండికి ఒక పెద్ద సదుపాయం ఉంది. దాని జాతకం దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. ఒక పాత లండన్ చెంచాను తిప్పి కాడ వెనక చూస్తే చిన్న చిన్న ముద్రలు వరసగా ఉంటాయి. నడుస్తున్న సింహం స్టెర్లింగ్ వెండి అని చెబుతుంది. ఈ ముద్ర 1544 నుంచి ఉంది. చిరుతపులి తల లండన్ పరీక్షాకేంద్రానిది, 1300 నాటి చట్టం నుంచి వస్తున్నది. బర్మింగ్‌హామ్‌దైతే లంగరు, షెఫీల్డ్‌దైతే కిరీటం, ఎడిన్‌బరోదైతే కోట. ఒక అక్షరం ఉంటుంది, అది సంవత్సరం. లండన్‌లో ఈ పద్ధతి 1478లో మొదలైంది. ఇరవై అక్షరాలతో ఒక చుట్టు తిరిగి, మళ్లీ మొదటి అక్షరం నుంచి కొత్త రాతతో, కొత్త ఆకారపు గడితో మొదలవుతుంది. అందుకే అక్షరం ఒక్కటీ చూస్తే చాలదు, దాని చుట్టూ ఉన్న గడి ఆకారం కూడా చూడాలి. తర్వాత చేసినవాడి పేరులోని పొడి అక్షరాలు. ఇక రాజుగారి తల ముద్ర ఉంటే పన్ను కట్టారని అర్థం, అది 1784 నుంచి 1890 దాకా. చూడండి, వేలిగోరంత చోట చేసినవాడు, ఊరు, ఏడాది, నాణ్యత, పన్ను రసీదు.

చేసినవాడి అక్షరాలే ధరను ఆకాశానికి లేపుతాయి. పాల్ డి లామెరీ, పాల్ స్టోర్, పద్దెనిమిదో శతాబ్దంలో భర్త పోయాక పని చేతిలోకి తీసుకుని సొంత ముద్ర వేయించుకున్న హెస్టర్ బేట్‌మన్, ఇలాంటి పేర్లున్న వెండికి తూకంతో పనిలేదు.

ముద్రకు ఇంత విలువ ఉన్నాక మోసగాడు ఊరుకుంటాడా? దొంగ ముద్రకు ఇంగ్లండులో ఒకప్పుడు మరణశిక్ష కూడా ఉండేది. అయినా ఆగలేదు. తమాషా ఏమిటంటే మోసం చేసినవాళ్లలో మహామహులూ ఉన్నారు. 1720 నుంచి ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను వేశారు. పెద్ద వస్తువుకు పన్ను తడిసి మోపెడవుతుంది. దాంతో కొందరు ఒక చిన్న వస్తువు చేయించి, దానికి ముద్రలు వేయించి, ఆ ముద్రలున్న ముక్క కోసి పెద్ద కూజా అడుగున అతికించేవారు. పాల్ డి లామెరీ కూడా ఈ పని చేసినవాడే. ఆయన పన్ను ఎగ్గొట్టిన వస్తువును ఇవాళ సేకర్తలు ఇంకా ముద్దుగా చూస్తారు. పన్ను ఎగవేత కూడా రెండువందల ఏళ్లు దాటితే పురావస్తువే అవుతుందేమో!

తర్వాతి కాలపు దొంగలు ఇదే పని కొత్త వస్తువును పాతదిగా చూపడానికి చేశారు. దాన్ని పట్టుకోవడానికి వేలం సంస్థల వెండి నిపుణులు చేసే పని చూడ్డానికి వింతగా ఉంటుంది. ముద్రల దగ్గర నోరు పెట్టి గట్టిగా ఆవిరి ఊదుతారు. ఆ మసక ఆరేలోగా, చుట్టూ టాంకా వేసిన గీత ఉంటే సన్నగా కనిపిస్తుంది. ఇంకోటి, వస్తువు నడి పొట్టను బొటనవేలితో మెల్లగా నొక్కుతారు. అక్కడ రేకు లోపలికి వంగితే, ఎవరో పాత యజమాని కుటుంబ చిహ్నాన్ని గీకేసి ఉంటారు. గీకిన చోట రేకు పలచబడుతుంది, ధరా పలచబడుతుంది. పాత చెంచాలను గీసి కోసి ఫోర్కులు చేయడం కూడా ఉంది, ఎందుకంటే పద్దెనిమిదో శతాబ్దపు ఫోర్కులు చెంచాలకన్నా తక్కువ మిగిలాయి. మూత ఒకదానిది, ఒళ్లు ఒకదానిది అయిన టీ పాట్లకైతే లెక్కలేదు. అందుకే మూత మీద కూడా ముద్ర ఉందా, రెండూ ఒక ఏడాదివేనా అని చూడకుండా పాట పాడకూడదు.

మన ఇళ్లలో వెండిని పళ్లపొడితో, విభూదితో, చింతపండుతో తళతళలాడేలా తోముతాం. పండగనాటి ముచ్చట సరే. వేలంలో మాత్రం అదే శాపం. ముద్రల అంచులు అరిగి, చెక్కుడు పని మొద్దుబారిన వస్తువుకు, అదే ఏడాదిది పదునుగా మిగిలిన వస్తువుకు ధరలో పొంతన ఉండదు.

భారతీయ వెండికి ఇలాంటి సర్కారీ ముద్రలు ఆ కాలంలో లేవు. మనకు కేంద్ర ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. వెండి హాల్‌మార్క్ వచ్చింది 2005లో. ఒక్కో వస్తువుకు విడివిడి గుర్తింపు సంఖ్య వేసే పద్ధతి 2025 సెప్టెంబరు 1 నుంచి మొదలైంది, అదీ ఐచ్ఛికంగానే. కాబట్టి వందేళ్ల నాటి పన్నీరు బుడ్డికి ఏడాది రుజువు చేయడం కష్టం. రుజువు లేనిచోట పాటదారుడు చెయ్యి వెనక్కి తీస్తాడు. దీనికి మినహాయింపు పేరు ముద్ర వేసుకున్న కొద్దిమంది. భుజ్‌లోని ఊమర్సీ మావ్‌జీ పనికి, ఆకులూ తీగలూ జంతువులూ దట్టంగా అల్లుకున్న కచ్ వెండికి, లండన్ వేలాల్లో ప్రత్యేకంగా ఎదురుచూసేవాళ్లున్నారు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ దొరల టీ సెట్ల మీద దేవుళ్ల బొమ్మలు ఉబ్బెత్తుగా తేల్చి ‘స్వామి’ పని అని అమ్మింది. 1875–76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చాక ఇంగ్లండులో దానికి గిరాకీ పెరిగింది. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే ఉండేవి. అక్కడి పాత జమీందారీ ఇళ్లలో అడుగున ‘ఓర్’ అని ఉన్న వస్తువు కనిపిస్తే తక్కెడ దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు.

ఇక బిద్రీ. 1956 దాకా బీదర్ హైదరాబాద్ సంస్థానంలోనిదే, ఆ పని హైదరాబాద్‌లోనూ సాగింది. బిద్రీ వస్తువు ఒళ్లంతా జింకు, కొంచెం రాగి. దాని మీద గీతలు చెక్కి, వెండి తీగ గానీ రేకు గానీ కూర్చి, బీదర్ కోట మట్టిని నవసాగరంతో కలిపి పూస్తారు. జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. కరిగిస్తే రూపాయి రాదు. అయినా పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల బిద్రీ హుక్కా బుడ్లకు లండన్‌లో మంచి వెండికన్నా ఎక్కువ పలుకుతుంది. కరీంనగర్ ఫిలిగ్రీ కూడా ఇలాంటిదే. జుట్టంత సన్నని వెండి తీగ మెలిపెట్టి అల్లిన ఆకుచెక్కల పెట్టెలో లోహం ఎంత ఉంటుంది గనక? తూకానికి అమ్మితే ఆ పనివాడి కళ్లు, నెలలు ఉచితంగా ఇచ్చేసినట్టే.

సుత్తి దెబ్బ వెనకాల

వేలంలో ధర ఎలా పుడుతుందో చాలామంది తప్పుగా ఊహిస్తారు. గెలిచినవాడికి ఆ వస్తువు ఎంత ఇష్టమో అంత ధర పలుకుతుందనుకుంటారు. నిజానికి ధర నిర్ణయించేది ఓడిపోయినవాడు. ఒకడు లక్ష దాకా పాడటానికి సిద్ధంగా ఉన్నా, రెండోవాడు ఇరవై వేల దగ్గర ఆగిపోతే ఇరవై ఒక్క వేలకే సుత్తి పడుతుంది. కాబట్టి రికార్డు ధరకు పట్టుదల ఉన్న ఇద్దరు చాలు. ఆ రోజు రెండోవాడికి జ్వరం వస్తే అదే వస్తువు సగానికి పోతుంది. ‘ఫలానాది అంతకు పోయింది, మాదీ అలాంటిదే’ అనేవాళ్లకు నేను చెప్పే మాట ఇదే: ఆ ఇద్దరూ మళ్లీ వస్తారా?

కేటలాగులో ఇచ్చే అంచనా ధరను కూడా జాగ్రత్తగా చదవాలి. అది వస్తువు విలువ కాదు, పిలుపు. తక్కువ అంచనా వేస్తే జనం వస్తారు, జనం వస్తే పోటీ పెరుగుతుంది. దాని వెనక రిజర్వ్ అని ఒక రహస్య ధర ఉంటుంది. అంతకు తక్కువైతే యజమాని అమ్మడు. మామూలుగా ఇది కింది అంచనాను మించదు. రిజర్వ్ చేరేదాకా వేలందారు యజమాని తరఫున తానే పాట పెంచవచ్చు, ఎవరో చెయ్యెత్తినట్టు గోడ వైపు చూస్తూ. షరతుల పత్రంలో ఉంటే చాలాచోట్ల అది చట్టబద్ధమే. రిజర్వ్ దాటాక చేస్తే మోసం.

సుత్తి పడిన ధరే కట్టాల్సిన ధర అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1975లో లండన్‌లో పెద్ద వేలం సంస్థలు క్రిస్టీస్, సోథబీస్ రెండూ కొనేవాడి మీద కూడా కమీషన్ వేయడం మొదలుపెట్టాయి. దాన్ని బయ్యర్స్ ప్రీమియం అంటారు. ఉదాహరణకు ఇంగ్లండులో వెయ్యి పౌండ్లకు సుత్తి పడిందనుకుందాం. ప్రీమియం 26 శాతం అయితే 260. దాని మీద 20 శాతం పన్ను 52. మొత్తం 1,312. అటు అమ్మినవాడి దగ్గర 15 శాతం కమీషన్, దాని మీద పన్ను తీసేస్తే చేతికొచ్చేది 820. ఒకే వెయ్యి పౌండ్ల వస్తువు మీద కొన్నవాడి జేబుకూ అమ్మినవాడి జేబుకూ మధ్య 492 పౌండ్లు. రవాణా, బీమా, కస్టమ్స్ అదనం. వెండి వస్తువులో కరిగింపు ధరకు మించి ఉన్న కాస్త లాభం చాలాసార్లు ఈ మధ్య దారిలోనే కరిగిపోతుంది.

ఆ కమీషన్లు కూడా ఎప్పుడూ పోటీ వల్ల తేలినవి కావు. రెండు పెద్ద సంస్థల పెద్దలు లోపాయికారీగా మాట్లాడుకుని అమ్మేవాళ్ల కమీషన్లు ఒకేలా పెట్టిన సంగతి 2000లో బయటపడింది. ఖాతాదారులకు 51.2 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు. సోథబీస్ ఛైర్మన్ ఆల్ఫ్రెడ్ టాబ్‌మన్ మీద నేరం రుజువై జైలుకు కూడా వెళ్లాడు. కొనేవాళ్ల వైపూ ఇదే కథ. వ్యాపారులు కూడబలుక్కుని ఒకరి మీద ఒకరు పాడకుండా వస్తువును చవగ్గా కొట్టేసి, తర్వాత తమలో తాము మళ్లీ వేలం వేసుకోవడం ఎంత పాతదంటే, దాన్ని ఆపడానికి ఇంగ్లండు 1927లోనే ప్రత్యేక చట్టం చేసింది. మన ఊళ్లో చెరువు చేపల వేలం చూసినవాళ్లకు ఈ సిండికేట్ గురించి వివరించి చెప్పే పనిలేదు.

కథకు కట్టే ధర

మూడో ధర దగ్గర లెక్కలు పనిచేయవు. 2020 ఆగస్టులో బ్రిస్టల్‌లోని ఒక చిన్న వేలం సంస్థ ఉత్తరాల పెట్టెలో ఎవరో ఒక మామూలు కవరు వదిలి వెళ్లారు. లోపల బంగారు పూత ఉన్న కళ్లజోడు, గాంధీజీదని చీటీ. అంచనా 10 నుంచి 15 వేల పౌండ్లు. పలికింది 2,60,000. 2023 మేలో లండన్ వేలం సంస్థ బోన్‌హామ్స్‌లో టిప్పు సుల్తాన్ పడకగది ఖడ్గానికి అంచనా 15 నుంచి 20 లక్షల పౌండ్లు, పోయింది 1.4 కోట్లకు. వేల్స్ యువరాజు రాక కోసం పటియాలా మహారాజు 1922లో చేయించిన, బంగారు మెరుగున్న వెండి విందు సామాను, 1,400కు పైగా వస్తువులు, 2013లో క్రిస్టీస్‌లో 19.6 లక్షల పౌండ్లకు పోయింది. అవే చెంచాలు ఎవరో అనామక లండన్ వర్తకుడివైతే ఎంత పలికేవో ఊహించుకోవచ్చు.

కథకు ఇంత ధర ఉన్నప్పుడు కథ అల్లేవాళ్లూ ఉంటారు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి 2000ల మొదట్లో దొంగిలించిన ఒక సున్నపురాతి శిల్పం, బుద్ధుణ్ని కొలిచే భక్తులది, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. న్యూయార్క్‌లోని ఒక డీలరు నుంచి 5,95,000 డాలర్లకు కొన్నారు. అది ఎప్పటినుంచో విదేశంలోనే ఉందని నమ్మించే పాత యజమాని కథ కూడా దాంతో వచ్చింది. కథ అబద్ధమని తేలాక 2016లో శిల్పాన్ని భారత్‌కు తిరిగి ఇచ్చేశారు. అంతటి సంస్థ కూడా బొమ్మను చూసినంత నిశితంగా కాగితాన్ని చూడలేదు.

దొంగసొత్తు కాకపోయినా కథ ఎదురు తిరగవచ్చు. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా స్తూపంలో బుద్ధుడి ధాతువులతోపాటు దొరికిన రత్నాల్లో కొంత వాటా, తవ్వించిన బ్రిటిష్ ఎస్టేటుదారు కుటుంబంలోనే ఉండిపోయింది. 2025 మేలో హాంకాంగ్‌లో సోథబీస్ వాటిని వేలానికి పెడితే భారత ప్రభుత్వం నోటీసు ఇచ్చింది, వేలం ఆగింది. జూలైలో గోద్రెజ్ సంస్థ చొరవతో అవి ఇంటికి వచ్చాయి. వందేళ్లకు పైగా కాగితం సరిగ్గా ఉన్నా, ఆ వస్తువు అమ్మదగినదేనా అన్న ప్రశ్న మిగిలింది.

మన చట్టం ఏమంటుంది

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వందేళ్లు నిండిన కళావస్తువులు, చేతిపనులు పురావస్తువుల కిందికి వస్తాయి. విలువైన రాతప్రతులకైతే డెబ్బై ఐదేళ్లే. దేశం లోపల అమ్ముకోవచ్చు, వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. విగ్రహాలు, వర్ణచిత్రాలు, సచిత్ర రాతప్రతుల వంటివైతే నమోదు తప్పనిసరి. దేశం దాటించడం మాత్రం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం.

దీని ప్రభావం ధర మీద నేరుగా పడుతుంది. ఒకే అచ్చులో చేసిన జంట హుక్కా బుడ్లలో ఒకటి 1920లో ఏ దొర సామానులోనో లండన్ చేరి, ఇంకోటి హైదరాబాద్‌లో మిగిలిందనుకోండి. మొదటిదానికి ప్రపంచమంతా పాటదారులే. రెండోదానికి ఈ దేశంలో ఉన్నవాళ్లే. పని ఒకటే, ధరలు రెండు. ఆ తేడాయే స్మగ్లరుకు కూలి. విదేశీ కేటలాగుల్లో ‘1972కు ముందే ఫలానా దేశంలో ఉంది’ అన్న ఒక్క వాక్యం కోసం కొనేవాళ్లు వెతికేది ఇందుకే. చందవరం శిల్పానికి అల్లింది కూడా సరిగ్గా అలాంటి వాక్యమే.

అమెరికాలో ఉన్న మనవరాలికి తాతమ్మ వెండి గిన్నె పంపాలనుకునే ఇళ్లకూ ఇది తగులుతుంది. పాతగా కనిపించే వస్తువును ఎయిర్‌పోర్టులో ఆపితే, అది పురావస్తువు కాదని చెప్పాల్సింది పురావస్తు శాఖ. ముందే చూపించి ఆ ధ్రువపత్రం తీసుకుంటే ఆఖరి నిమిషం టెన్షన్ ఉండదు. పాత టీ పాట్ అయితే పిడిని కూడా చూడండి. చెయ్యి కాలకుండా పిడికీ ఒంటికీ మధ్య రెండు సన్నని తెల్ల బిళ్లలు ఉంటాయి. చాలావాటిలో అవి ఏనుగు దంతం. మన దేశంలో దంతం వ్యాపారం పూర్తిగా నిషిద్ధం. బ్రిటన్‌లోనూ 2022 నుంచి కఠినమైన చట్టం అమల్లో ఉంది. 1947కు ముందుదై, దంతం పది శాతం లోపే ఉన్నా రిజిస్టర్ చేయించుకోకుండా అమ్మకూడదు. ఆ బిళ్లల బరువు పది గ్రాములు కూడా ఉండదు, కానీ అమ్మకం మొత్తాన్ని ఆపగలవు.

ఇక పొలం దున్నుతుంటే లంకెబిందెలు దొరికితే? అది వేలం సంస్థకు ఫోన్ చేసే సంగతి కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాలి. ఆ పది రూపాయలు ఇప్పటికీ పదే.

ఇంట్లో పాత వెండి ఉండి, అమ్మాలో వద్దో తేల్చుకోలేనివాళ్లు చేయాల్సినవి పెద్ద పనులేం కావు. ముందు తోమడం ఆపండి. అడుగున, పిడి వెనక, మూత లోపల ఉన్న ముద్రలన్నిటికీ దగ్గర నుంచి ఫోటోలు తీయండి. గ్రాముల్లో తూకం వేయించండి. ఎవరిది, ఏ పెళ్లికి వచ్చింది, ఎవరు చేయించారన్నది తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే రాయించి పెట్టుకోండి. ఆ వస్తువు కనిపించే పాత పెళ్లి ఫోటో ఒకటి దొరికితే దాన్ని వస్తువుతోనే ఉంచండి. ఫోటోలు, తూకం చూసి అంచనా చెప్పడానికి వేలం సంస్థలు మామూలుగా డబ్బు తీసుకోవు. వాళ్లు చెప్పిన కింది అంచనాలోంచి కమీషన్, రవాణా తీసేసి, టంచ్ (స్వచ్ఛత) చూసి తరుగు పోగా కొట్టువాడు ఇచ్చేదానితో పోల్చండి. కొట్టువాడిదే ఎక్కువైతే నిశ్చింతగా అక్కడే అమ్మేయొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. బిద్రీ అయితే ఈ పోలికే అక్కర్లేదు, వెండి కొట్టువాడు దాన్ని తూకం కూడా వేయడు.